ట్రైఫినైల్ ఫాస్ఫీన్ స్థానంలో ఫాస్ఫైట్: లోహంతో బంధం, పరిమాణం, మన్నిక

మీ ప్రశ్న సారాంశం ఇది. నికెల్, రోడియం సంక్లిష్టాలలో ట్రైఫినైల్ ఫాస్ఫీన్‌కు బదులు ట్రైమిథైల్ ఫాస్ఫైట్‌ను, ట్రైఫినైల్ ఫాస్ఫైట్‌ను వాడి చూడమని మీ పరిశోధన మార్గదర్శకులు సూచించారు. ఫాస్ఫైట్ బలహీనమైన క్షారం కాబట్టి లోహాన్ని పట్టుకోవడంలోనూ బలహీనమేనా, కార్బొనైల్ కంపనం పై తరంగ సంఖ్యకు జరగడానికి అర్థమేమిటి, ఫాస్ఫరస్ ఎన్‌ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాద) వర్ణపటంలో 7 పీపీఎం దగ్గర సుమారు 700 హెర్ట్జ్ ఎడంతో వచ్చిన డబ్లెట్ (జంట గీత) మీరు తయారుచేసిన సంక్లిష్టానిదేనా అన్నవి మీ సందేహాలు. చివరిదానికి జవాబు ముందే చెప్పేస్తాను: అది సంక్లిష్టం కాదు, నీరు తగిలి చెడిపోయిన లైగాండ్, అంటే లోహానికి అంటుకోవలసిన అణువు. ఎందుకో తరువాత వివరిస్తాను. మొదటి రెండు సందేహాల వెనుక ఒకే పొరపాటు అభిప్రాయం ఉన్నట్లు నాకు తోస్తోంది. ఫాస్ఫైట్ అంటే కాస్త నీరసించిన ఫాస్ఫీన్ అని చాలామంది అనుకుంటారు. ఎలక్ట్రాన్ల లెక్కలో అది ఫాస్ఫీన్‌కూ కార్బన్ మోనాక్సైడ్‌కూ నడుమ నిలిచే లైగాండ్. రసాయనికంగా దాని అసలు బలహీనత లోహంతో ఉన్న బంధంలో కాక, లోహానికి అవతల ఉన్న ఫాస్ఫరస్-ఆక్సిజన్-కార్బన్ వరుసలో ఉంటుంది.

ముందుగా ఏ ఫాస్ఫైట్ గురించి మాట్లాడుకుంటున్నామో తేల్చుకోవాలి. ఫాస్ఫరస్ ఆమ్లం ద్విక్షార ఆమ్లం. దానిలోని ఒక హైడ్రోజన్ నేరుగా ఫాస్ఫరస్‌కే అతుక్కుని ఉంటుంది. అందుచేత దాని లవణాలలోని ఫాస్ఫైట్ అయాన్‌లో ఫాస్ఫరస్ మీద ఒంటరి ఎలక్ట్రాన్ జంట మిగలదు, ఆ అయాన్ లోహాలను మామూలుగా తన మూడు ఆక్సిజన్‌లతోనే పట్టుకుంటుంది. జింక్ ఫాస్ఫైట్ వంటి సరంధ్ర చట్రాలు ఇలా ఏర్పడినవే. ఫాస్ఫేట్‌కు నాలుగు ఆక్సిజన్‌లు, దీనికి మూడే కాబట్టి ఆ చట్రాల అల్లిక కూడా వేరుగా వస్తుంది. మీరు వాడుతున్నవి ఇవి కావు. మూడు ఆల్కాక్సీ లేదా ఎరైలాక్సీ సమూహాలున్న ఎస్టర్లు మీవి. వాటిలో ఫాస్ఫరస్ త్రిసంయోజకం, ఒంటరి జంట ఉంటుంది, లోహానికి అంటుకునేది ఫాస్ఫరస్సే.

ఇక బంధం సంగతి. ఫాస్ఫరస్ మీద మూడు ఆక్సిజన్‌లు ఉన్నప్పుడు వాటి ఋణవిద్యుదాత్మకత వల్ల ఒంటరి జంట ఫాస్ఫరస్ కేంద్రకం వైపు బిగుసుకుంటుంది, దానిలో ఎస్ స్వభావం పెరుగుతుంది. కాబట్టి సిగ్మా దాతగా, అంటే ఒంటరి జంటను లోహానికి ఇచ్చేదిగా, ఫాస్ఫైట్ ట్రైఆల్కైల్ ఫాస్ఫీన్ కంటే తక్కువదన్న మాట నిజమే. అయితే అదే కారణం వల్ల ఫాస్ఫరస్-ఆక్సిజన్ బంధాల అపబంధక ఆర్బిటాల్‌లు (ఎలక్ట్రాన్లు చేరితే ఆ బంధం బలహీనపడేవి) శక్తిలో కిందికి దిగి, వాటిలో ఫాస్ఫరస్ వాటా పెరుగుతుంది. లోహపు నిండిన డి ఆర్బిటాల్‌ల నుంచి ఎలక్ట్రాన్ సాంద్రత అక్కడికి చేరుతుంది. పాత పాఠ్యపుస్తకాలు ఈ పై (π) బంధానికి ఫాస్ఫరస్‌లోని ఖాళీ డి ఆర్బిటాల్‌లను చూపేవి. ఆ బొమ్మను ఇప్పుడు పక్కన పెట్టవచ్చు. గ్రహీత ఆర్బిటాల్ ఫాస్ఫరస్-ఆక్సిజన్ సిగ్మా అపబంధక ఆర్బిటాలేనని 1980లలోని గణనలు సూచించాయి. లోహం ఆక్సీకరణ చెందినప్పుడు లోహ-ఫాస్ఫరస్ బంధం సాగి, ఫాస్ఫరస్ మీది బంధాలు కురచబడటాన్ని స్ఫటిక నిర్మాణాల నుంచి ఒర్పెన్, కనెల్లీ 1985లో చూపించాక ఆ అభిప్రాయం స్థిరపడింది.

దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ క్రోమియం పెంటాకార్బొనైల్ జంట. ట్రైఫినైల్ ఫాస్ఫీన్ ఉన్న సంక్లిష్టంలో క్రోమియం-ఫాస్ఫరస్ దూరం 2.422 ఆంగ్‌స్ట్రామ్‌లు, ట్రైఫినైల్ ఫాస్ఫైట్ ఉన్నదానిలో 2.309. బలహీనమైన క్షారం అని మీరు శంకించిన లైగాండే లోహానికి పదోవంతు ఆంగ్‌స్ట్రామ్‌కు పైగా దగ్గరగా జరిగింది. ఎస్ స్వభావం పెరగడం వల్ల ఒంటరి జంట కురచ కావడం కూడా ఇందులో కొంత పాత్ర వహిస్తుంది కాబట్టి, ఈ తేడా మొత్తాన్ని పై బంధం ఖాతాలోనే వేయడం తొందరపాటు అవుతుంది. ఏమైనా క్షార బలాన్ని, అంటే ప్రోటాన్ పట్ల మమకారాన్ని, తక్కువ ఆక్సీకరణ స్థితిలో ఉన్న లోహం పట్ల మమకారానికి కొలమానంగా తీసుకోకూడదని చెప్పడానికి ఈ రెండు అంకెలూ చాలు. ప్రోటాన్‌కు తిరిగి ఇవ్వడానికి ఎలక్ట్రాన్లు లేవు. సున్నా స్థితిలోని నికెల్‌కు పది ఉన్నాయి.

కార్బొనైల్ కంపనం పైకి జరగడం దీని కొనసాగింపే. లోహం మీది ఎలక్ట్రాన్ సాంద్రతను ఫాస్ఫైట్ కొంత పంచుకుంటుంది, పైగా తాను ఇచ్చేదీ తక్కువ. అందువల్ల కార్బన్ మోనాక్సైడ్ అపబంధక ఆర్బిటాల్‌లోకి వెళ్లేది తగ్గి, కార్బన్-ఆక్సిజన్ బంధం గట్టిపడుతుంది. డ్యూపాంట్ సంస్థలో పనిచేసిన టోల్మన్ 1970లో దీన్ని ఒక కొలబద్దగా మార్చాడు. ఒక లైగాండ్, మూడు కార్బొనైల్‌లు ఉన్న నికెల్ సంక్లిష్టంలో పూర్ణ సౌష్ఠవ కార్బొనైల్ కంపనాన్ని అతను కొలిచాడు. ట్రైటెర్ట్‌బ్యూటైల్ ఫాస్ఫీన్‌కు అది 2056.1 సెం.మీ⁻¹, ట్రైఫినైల్ ఫాస్ఫీన్‌కు 2068.9, ట్రైఇథైల్ ఫాస్ఫైట్‌కు 2076.3, ట్రైమిథైల్ ఫాస్ఫైట్‌కు 2079.5, ట్రైఫినైల్ ఫాస్ఫైట్‌కు 2085.3, ఫాస్ఫరస్ ట్రైఫ్లోరైడ్‌కు 2110.8. ట్రైఫినైల్ ఫాస్ఫీన్ నుంచి ట్రైఫినైల్ ఫాస్ఫైట్‌కు మారితే ఈ కొలబద్ద మీద సుమారు 16 సెం.మీ⁻¹ ఎగబాకుతామన్నమాట. మీ రోడియం సంక్లిష్టంలో అంకె అచ్చంగా ఇదే రానవసరం లేదు, కానీ జరగవలసిన దిశ ఇదే. ఒక హెచ్చరిక మాత్రం ఉంది: ఈ ఒక్క అంకె సిగ్మా దానం తగ్గడాన్ని, పై స్వీకరణ పెరగడాన్ని విడదీసి చూపలేదు, రెండింటి నికర ఫలితాన్నే ఇస్తుంది. అందువల్ల కంపనం పైకి జరిగిందని చూపి, ఇది పై బంధానికి రుజువు అని మీ సిద్ధాంత గ్రంథంలో రాస్తే, చదివిన పరీక్షకులు తప్పకుండా నిలదీస్తారు.

ఎలక్ట్రాన్ల గురించి ఇంత చెప్పినా, ఫాస్ఫైట్‌ను ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది పరిమాణాన్నే. మూడు ఆక్సిజన్‌లు మడత బందుల్లా వంగి ప్రతిక్షేపకాలను లోహానికి దూరంగా తిప్పగలవు కాబట్టి, ఫాస్ఫైట్‌ల శంకు కోణాలు, అంటే లోహం చుట్టూ అవి ఆక్రమించే చోటుకు కొలతలు, చిన్నవి. ట్రైమిథైల్ ఫాస్ఫైట్‌కు 107 డిగ్రీలు, ట్రైఇథైల్‌కు 109, ట్రైఫినైల్ ఫాస్ఫైట్‌కు 128. ట్రైఫినైల్ ఫాస్ఫీన్‌కు 145. ఈ తేడా ఎంత పని చేస్తుందో నాలుగు లైగాండ్‌లున్న నికెల్ సంక్లిష్టాల వియోజనంలో చూడవచ్చు. బెంజీన్‌లో 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆ నాలుగింటిలో ఒకటి ఊడి మూడు లైగాండ్‌ల నికెల్ మిగిలే సమతాస్థితికి వియోజన స్థిరాంకం పారా టోలైల్ ఫాస్ఫైట్‌కు 6 × 10⁻¹⁰ మోలార్ (ఈ అంకె ఎంత పెద్దదైతే లైగాండ్ అంత తేలికగా ఊడుతుంది). అదే మిథైల్ సమూహాన్ని పారా స్థానం నుంచి ఆర్థో స్థానానికి జరిపితే శంకు కోణం 128 నుంచి 141 డిగ్రీలకు పెరుగుతుంది, స్థిరాంకం 4 × 10⁻² అవుతుంది. ఎలక్ట్రాన్ల పరంగా ఈ రెండు లైగాండ్‌లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అయినా స్థిరాంకం దాదాపు ఏడు కోట్ల రెట్లు మారింది. ఐసోప్రొపైల్ ఫాస్ఫైట్ 130 డిగ్రీలతో, 2.7 × 10⁻⁵ స్థిరాంకంతో మధ్యలో నిలుస్తుంది. ట్రైఫినైల్ ఫాస్ఫీన్‌తో అయితే నాలుగో లైగాండ్ ద్రావణంలో నిలవనే నిలవదు. కాబట్టి మీ నికెల్ సంక్లిష్టంలో ట్రైఫినైల్ ఫాస్ఫీన్‌కు బదులు ట్రైమిథైల్ ఫాస్ఫైట్ పెట్టగానే చర్య ఆగిపోయిందంటే, నికెల్‌పై ఎలక్ట్రాన్లు తగ్గాయన్న వివరణకు పరుగెత్తే ముందు, నాలుగు చిన్న లైగాండ్‌లు నికెల్‌ను కదలనీయకుండా కమ్మేశాయేమో చూడండి. లైగాండ్, లోహం నిష్పత్తిని తగ్గించి అదే చర్యను మరోసారి నడిపితే తెలిసిపోతుంది.

ఏ లోహాలతో ఫాస్ఫైట్ బాగా నిలుస్తుందో పైన చెప్పినదాన్నిబట్టి ఊహించవచ్చు. ఎలక్ట్రాన్లు మిక్కిలిగా ఉన్న, తక్కువ ఆక్సీకరణ స్థితిలోని లోహాలే వీటికి అనువైనవి: సున్నా స్థితిలోని నికెల్, పల్లాడియం, ప్లాటినం, ఇనుము, ఒకటవ స్థితిలోని రోడియం, కోబాల్ట్, రాగి. ఇనుము చుట్టూ ఐదు ట్రైమిథైల్ ఫాస్ఫైట్‌లు మాత్రమే ఉన్న సంక్లిష్టం ఉంది. అది ఐరన్ పెంటాకార్బొనైల్‌కు దాయాది. ఎల్లైల్ సమూహం, మూడు ట్రైమిథైల్ ఫాస్ఫైట్‌లు ఉన్న కోబాల్ట్ సంక్లిష్టం బెంజీన్ వలయాన్ని గది ఉష్ణోగ్రత వద్ద హైడ్రోజనీకరణం చేస్తుందని మ్యుటర్టీస్ బృందం 1970లలో చూపింది. రాగి అయొడైడ్‌తో ట్రైఇథైల్ ఫాస్ఫైట్ ఇచ్చే తెల్లని ఘనపదార్థం కర్బన ద్రావణులలో కరుగుతుంది కాబట్టి చాలామంది దాన్ని సీసాలో నిల్వ చేసుకుని వాడతారు. టైటానియం, జిర్కోనియంల ఎక్కువ ఆక్సీకరణ స్థితులు మాత్రం వీటి జోలికి రావు.

తయారీలో ఒక చక్కని వెసులుబాటు కూడా ఉంది. నాలుగు ట్రైఇథైల్ ఫాస్ఫైట్‌ల నికెల్ సంక్లిష్టానికి ఖరీదైన సైక్లోఆక్టాడైయీన్ నికెల్ అవసరం లేదు. వినాల్, రేనాల్డ్స్ 1964లో ప్రకటించిన పద్ధతిలో ఆరు నీటి అణువులున్న మామూలు నికెల్ క్లోరైడ్‌ను మిథనాల్‌లో కరిగించి, ట్రైఇథైల్ ఫాస్ఫైట్ కలిపి, చల్లగా ఉంచుతూ డైఇథైల్ ఎమీన్‌ను చుక్కచుక్కగా వేస్తారు. నికెల్ లవణపు రంగు పోయి తెల్లని స్ఫటికాలు అడుగుకు దిగుతాయి. ఇక్కడ నికెల్‌ను సున్నా స్థితికి దింపినది ఫాస్ఫైటే: ప్రతి నికెల్‌కూ ఐదు ఫాస్ఫైట్‌లు ఖర్చవుతాయి, నాలుగు లైగాండ్‌లుగా కుదురుకుంటాయి, ఐదోది ఫాస్ఫేట్‌గా ఆక్సీకరణ చెందుతుంది. ఆ ఆక్సిజన్ వచ్చేది నీటి నుంచి. వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్‌ను ఎమీన్ పట్టుకుంటుంది. ఈ చర్యను ఒకసారి అర్థం చేసుకుంటే, రెండవ స్థితి నికెల్, రాగి లవణాలతో ఫాస్ఫైట్ కలిపినప్పుడు ఊహించని తెల్లని పదార్థాలు ఎందుకు వస్తాయో మీకే తెలుస్తుంది.

లోహానికి అంటుకున్న తరువాత ఫాస్ఫైట్ ఊరికే కూర్చోదు, ఫాస్ఫీన్‌తో పనిచేసి వచ్చినవారు తడబడేది ఇక్కడే. మొదటిది అర్బుజోవ్ తరహా మార్పు. ధనావేశమున్న లోహ సంక్లిష్టంలో ట్రైమిథైల్ ఫాస్ఫైట్ ఉండి, పక్కన అయొడైడ్ వంటి న్యూక్లియోఫైల్ ఉంటే, అది మిథైల్ సమూహాన్ని లాక్కుని మిథైల్ అయొడైడ్‌గా వెళ్లిపోతుంది. లోహం మీద ఫాస్ఫరస్-ఆక్సిజన్ ద్విబంధంతో ఫాస్ఫొనేట్ మిగులుతుంది. తటస్థ లైగాండ్ కాస్తా ఋణావేశ లైగాండ్ అయిపోయిందన్నమాట. ఇలాంటి ఫాస్ఫొనేట్‌లకు ఒక పేరున్న ఉపయోగం ఉంది. సైక్లోపెంటాడైయినైల్ కోబాల్ట్ మీద అటువంటివి మూడు ఒకే వైపు నిలిచినప్పుడు, వాటి మూడు ఆక్సిజన్‌లు కలిసి మరో లోహాన్ని పట్టుకునే త్రిదంత లైగాండ్ అవుతుంది. క్లాయ్ పేరు మీద ప్రసిద్ధమైన లైగాండ్ ఇదే. ఫాస్ఫరస్ వైపు మృదువైన కోబాల్ట్ కేంద్రం, ఆక్సిజన్ వైపు కఠిన లోహ అయాన్ కుదురుకునే ఈ ఏర్పాటు చూడముచ్చటగా ఉంటుంది. మీకు ఈ మార్పు అక్కరలేకపోతే, హాలైడ్‌లను తొలగించి టెట్రాఫ్లోరోబొరేట్ వంటి జడమైన ఋణ అయాన్‌ను పెట్టుకోండి, లేదా ఆల్కైల్ వదిలి ఎరైల్ ఫాస్ఫైట్‌కు మారండి. ఎరైల్ కార్బన్ మీద ఆ తరహా దాడి జరగదు.

అయితే ఎరైల్ ఫాస్ఫైట్‌లకు వేరే అలవాటు ఉంది. లోహానికి చేరువగా వచ్చే ఆర్థో స్థానపు కార్బన్-హైడ్రోజన్ బంధాన్ని లోహం తెంచి, ఐదు పరమాణువుల వలయం కట్టుకుంటుంది. రోడియం, రుథేనియం, పల్లాడియంలతో ఇది తరచుగా జరుగుతుంది. దీన్ని దోషంగా చూడాలా, అవకాశంగా చూడాలా అన్నది మీ అవసరాన్నిబట్టి ఉంటుంది. ఇలాంటి వలయమున్న రుథేనియం సంక్లిష్టంతో ఫీనాల్ ఆర్థో స్థానాలలో ఈథిలీన్‌ను చేర్చే ఉత్ప్రేరక చర్య 1980లలోనే వచ్చింది. ఫాస్ఫైట్ మీది ఎరైలాక్సీ సమూహం ద్రావణంలోని ఫీనాల్‌తో తారుమారు కాగలగడం వల్లనే అక్కడ ఉత్ప్రేరక చక్రం తిరుగుతుంది. ప్లాస్టిక్‌లలో ఆక్సీకరణ నిరోధకంగా వాడే ట్రిస్ 2,4-డైటెర్ట్‌బ్యూటైల్‌ఫినైల్ ఫాస్ఫైట్ నుంచి పల్లాడియం వలయ సంక్లిష్టాన్ని తయారుచేసి, దాన్ని సుజుకి సంయోగంలో (రెండు కార్బన్‌లను కలిపే చర్య) బెడ్‌ఫర్డ్ 1990ల చివర ఉపయోగించాడు. ఆ తారుమారు గుణమే మీకు చిక్కు కూడా తేగలదు: ట్రైఫినైల్ ఫాస్ఫైట్‌ను క్షారం సమక్షంలో మిథనాల్‌లో వాడితే, కొంతసేపటికి మీ చేతిలో ఉన్నది ట్రైఫినైల్ ఫాస్ఫైట్ కాదు.

ఇప్పుడు 7 పీపీఎం డబ్లెట్ సంగతి. స్వేచ్ఛగా ఉన్న ట్రైమిథైల్ ఫాస్ఫైట్ 140 పీపీఎం దగ్గర, ట్రైఫినైల్ ఫాస్ఫైట్ 128 దగ్గర కనిపిస్తాయి. నీరు చేరితే ఒక ఆల్కహాల్ అణువు పోయి డైఆల్కైల్ హైడ్రోజన్ ఫాస్ఫొనేట్ వస్తుంది. అందులో హైడ్రోజన్ నేరుగా ఫాస్ఫరస్‌పైకి చేరుతుంది, శిఖరం 10 పీపీఎం పరిసరాలకు పడిపోతుంది, ప్రోటాన్ డీకప్లింగ్ (హైడ్రోజన్ వల్ల వచ్చే విభజనను తీసివేయడం) లేకుండా తీస్తే 700 హెర్ట్జ్ ప్రాంతంలో ఎడమున్న డబ్లెట్ అవుతుంది. మీరు వర్ణించినది అక్షరాలా ఇదే. ప్రోటాన్ డీకప్లింగ్ పెట్టి మళ్లీ తీయండి. డబ్లెట్ ఒక్క గీతగా మారితే ఇక సందేహం ఉండదు. రోడియంతో వచ్చే విభజన అయితే డీకప్లింగ్‌తో పోదు. ఆ రోడియం-ఫాస్ఫరస్ విభజన ఫాస్ఫీన్ సంక్లిష్టాలలో సాధారణంగా 150 హెర్ట్జ్ అటూ ఇటూ ఉంటే, ఫాస్ఫైట్‌లలో 200 దాటుతుంది. ప్లాటినంతో సిస్ డైక్లోరైడ్‌లలో ట్రైబ్యూటైల్ ఫాస్ఫీన్‌కు సుమారు 3500, ఫాస్ఫైట్‌లకు సుమారు 5700 హెర్ట్జ్. ఒంటరి జంటలో ఎస్ స్వభావం గురించి పైన చెప్పినది ఇక్కడ నేరుగా అంకెల్లో కనిపిస్తుంది. ఇంకొక మాట: ఫాస్ఫీన్ లోహానికి అంటుకుంటే శిఖరం బాగా జరగడం మీరు చూసి ఉంటారు, ఫాస్ఫైట్ నుంచి అంత మార్పు ఆశించకండి. క్రోమియం, మాలిబ్డినం, టంగ్‌స్టన్ పెంటాకార్బొనైల్ వరుసలో కిందికి వచ్చేకొద్దీ ఫాస్ఫైట్ శిఖరం వెనక్కు తగ్గుతూ, టంగ్‌స్టన్ దగ్గర స్వేచ్ఛా లైగాండ్ స్థానానికి దాదాపు వచ్చేస్తుంది. అందుచేత స్థానాన్ని కాక విభజనను నమ్మండి.

ఆ చెడిపోయిన పదార్థం కూడా లోహం దగ్గర మౌనంగా ఉండదు. దాని హైడ్రోజన్ ఫాస్ఫరస్ నుంచి ఆక్సిజన్‌కు మారిన టాటోమర్ స్వేచ్ఛగా ఉన్నప్పుడు బహు స్వల్పం, కానీ లోహం దాన్ని ఫాస్ఫరస్ ద్వారా పట్టుకుని స్థిరపరచగలదు. పక్కపక్కన రెండు ఉంటే వాటిలో ఒకటి ప్రోటాన్ పోగొట్టుకుని, హైడ్రోజన్ బంధంతో రెండూ కీలేట్‌లా ముడిపడతాయి. ఈ దారిలో వచ్చిన అత్యంత అందమైన అణువు ప్లాటినంది. ఫాస్ఫరస్ ఆమ్లంతో పొటాషియం టెట్రాక్లోరోప్లాటినేట్‌ను వేడిచేస్తే, నాలుగు పైరోఫాస్ఫైట్ వంతెనలతో రెండు ప్లాటినంలు ఎదురెదురుగా 2.925 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో నిలిచే ఋణ అయాన్ ఏర్పడుతుంది. అతినీలలోహిత దీపం కింద అది గాఢమైన ఆకుపచ్చ కాంతితో వెలుగుతుంది. లవణాల గురించి మొదట నేను చెప్పిన ఆక్సిజన్ సూత్రానికి ఇది మినహాయింపు కూడా. ఇక్కడ లోహాన్ని పట్టుకున్నది ఫాస్ఫరస్సే.

ఇంత సున్నితమైన లైగాండ్‌ను పరిశ్రమ ఎందుకు నెత్తిన పెట్టుకుందో రోడియం ఉదాహరణతో చెబుతాను, మీ పని కూడా అదే కాబట్టి. హైడ్రోఫార్మైలేషన్‌లో, అంటే ఆల్కీన్‌కు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ చేర్చి ఆల్డిహైడ్ చేసే చర్యలో, ఆల్కీన్ వచ్చి చేరడానికి రోడియం మీది కార్బన్ మోనాక్సైడ్ ఒకటి ఊడాలి. ఫాస్ఫైట్ ఉన్న రోడియం ఎలక్ట్రాన్లు తక్కువగా ఉండి కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుగా పట్టుకుంటుంది, అందువల్ల వేగం పెరుగుతుంది. వాన్ లేవెన్, రూబీక్ 1983లో వాడిన స్థూలమైన ఎరైల్ ఫాస్ఫైట్ అయితే ఎంత పెద్దదంటే, రోడియంకు ఒకటి మించి అంటుకోలేదు. మామూలుగా మొరాయించే ప్రతిక్షేపిత ఆల్కీన్‌లు కూడా దానితో కదిలాయి. వేగం వచ్చింది కానీ సరళ శృంఖల ఆల్డిహైడ్ వైపు మొగ్గు తగ్గింది. ఆ మొగ్గును తెచ్చినవి తరువాత యూనియన్ కార్బైడ్ నుంచి వచ్చిన స్థూల ద్విదంత డైఫాస్ఫైట్‌లు. వాటిలో బైఫెఫాస్ నేటికీ ప్రయోగశాలల్లో మొదట చేయి చాచే లైగాండ్. నికెల్ పక్షాన బ్యూటాడైయీన్‌కు హైడ్రోజన్ సయనైడ్ చేర్చి, నైలాన్ 6,6కు కావలసిన అడిపోనైట్రైల్‌ను ఇచ్చే డ్యూపాంట్ ప్రక్రియ ఎరైల్ ఫాస్ఫైట్‌ల మీదే నిలిచింది. టోల్మన్ కొలతలు పుట్టినది కూడా ఆ నేపథ్యంలోనే. కైరల్ బైనాఫ్తాల్ మీద కట్టిన ఏకదంత ఫాస్ఫైట్‌లు, వాటి దాయాదులైన ఫాస్ఫొరమిడైట్‌లు 2000లో రోడియం అసమ హైడ్రోజనీకరణలో విజయవంతమైనప్పుడు, రెండు దర్పణ రూపాలలో ఒకదాన్నే ఇచ్చే ఎంపికకు ద్విదంత లైగాండ్ తప్పనిసరి అన్న నమ్మకం సడలింది.

మీ ప్రయోగాల విషయానికి వస్తే, ట్రైఆల్కైల్ ఫాస్ఫైట్‌ను సోడియం మీద ఉంచి, నైట్రోజన్ కింద స్వేదనం చేసి వాడండి. సీసాలో పేరుకున్న హైడ్రోజన్ ఫాస్ఫొనేట్‌ను సోడియం పట్టేసుకుంటుంది. వాసన భరించడం కష్టం కాబట్టి గాజుసామాన్లను బ్లీచ్ ద్రావణంలో ముంచేదాకా ఫ్యూమ్ హుడ్ దాటించకండి. రోడియం చర్యలలో జలవిశ్లేషణ తనకు తానే ఊతమిచ్చుకుంటుందని గుర్తుంచుకోండి: వచ్చిన ఆమ్లం మరింత ఫాస్ఫైట్‌ను విరుస్తుంది, పైగా ఆల్డిహైడ్ ఫాస్ఫరస్ ఆమ్లపు జాతితో కలిసి ఇంకా ఆమ్లాలను పుట్టిస్తుంది. అందుకే కొందరు ఆమ్లాన్ని తుడిచివేయడానికి కొద్దిగా ఎపాక్సైడ్ కలుపుతారు. కొత్త బ్యాచ్ మొదలుపెట్టే ముందు లైగాండ్ ఒక్కదాన్నే తేమ లేని బెంజీన్‌లో పెట్టి ఫాస్ఫరస్ ఎన్‌ఎంఆర్ తీసుకోండి. 140 దగ్గరి గీత తప్ప మరేదీ లేదని చూశాకే లోహాన్ని తూచండి.